నెల లెక్క సరిపోతోంది, మరి అప్పు ఎందుకు పెరుగుతోంది?

అమ్మా, మీరు రాసిన లెక్కంతా కాగితం మీద వేసుకుని చూశాను. చదివే మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ పరిస్థితి క్లుప్తంగా చెప్తాను. నెల్లూరు వేదాయపాళెంలో అద్దె ఇల్లు. మీ వారు ముత్తుకూరు వైపు ఒక ప్రైవేటు కంపెనీలో చేస్తారు, జీతం చేతికి 34 వేలు. మీరు ఇంట్లో మిషను కుడతారు, నెలకు 8 వేల దాకా వస్తుంది. పెద్దబ్బాయి ఎనిమిదో తరగతి, చిన్నపాప నాలుగో తరగతి. తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర ప్రామిసరీ నోటు ఉంది. పద్నాలుగు నెలలుగా వడ్డీ కట్టలేదు. ఇంకో నాలుగు నెలల్లో మూడేళ్లు నిండుతాయని ఆయన నోటు తిరగరాయమంటున్నారు. క్రెడిట్ కార్డులో 64 వేలు ఉంది, నెలనెలా మినిమం కడుతున్నారు. బ్యాంకులో నగల మీద లక్షా ఇరవై వేలు. ఇవికాక రెండు లక్షల చీటీ, నలభై నెలలది, పదహారు నెలలు కట్టారు, ఇంకా పాడుకోలేదు.

మీ ప్రశ్న ఇది: నెల ఖర్చులు పోగా ఆరు వేల చిల్లర మిగలాలి, మిగలకపోగా అప్పు పెరుగుతోంది, ఎక్కడ పోతోంది? చీటీ ఇప్పుడే పాడాలా, ఆఖరు దాకా ఉంచాలా? తమ్ముడు సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్లో కొంత పెట్టడం) మొదలుపెట్టమంటున్నాడు, మీ వారేమో పొదలకూరు రోడ్డులో కంతుల మీద ప్లాటు ఇస్తున్నారంటున్నారు, ఏది ముందు?

నేను బ్యాంకులో అప్పుల సెక్షన్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. కావలి, కందుకూరు, పొదిలి, ఆఖరున నెల్లూరు. జీతగాళ్ల ఇళ్లలో అప్పులు చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం కాఫీ టిఫిన్ల వల్ల వచ్చినవి కావు. మీదీ అంతే. కాబట్టి పాలు అరలీటరు తగ్గించండి, ఫ్యాను ఆపండి లాంటి సలహాలు నేను ఇవ్వను.

మీరు రాసిన నెల ఖర్చు: అద్దె 8,500, బియ్యం సరుకులు 7,500, పాలు 2,200, కూరగాయలు, చేపలు 4,000, గ్యాసు, కరెంటు 2,300, పెట్రోలు 2,500, ఫోన్లు వెయ్యి. మొత్తం 28,000. చీటీకి 4,250, కార్డు మినిమం 3,200. 42 వేలలో ఇవన్నీ పోగా 6,550 మిగలాలి. లెక్క తప్పు కాదు. కానీ దాంట్లో స్కూలు ఫీజు ఏది? మీ ఉత్తరం చివర్లో వేరే చోట ఉంది, "జూన్‌లో ఫీజులకి ఇబ్బంది పడ్డాం" అని. అక్కడే దొరికింది నాకు.

ఏడాదికోసారి వచ్చే ఖర్చులన్నీ మీ ఉత్తరంలోంచే ఏరి పక్కన రాశాను. ఇద్దరి ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు కలిపి 78 వేలు. సంక్రాంతి బట్టలు, పండగ ఖర్చు 12 వేలు. ఎల్ఐసీ ప్రీమియం 14 వేలు. బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ 5 వేలు. ఊరికి రాకపోకలు 6 వేలు. జ్వరాలు, పంటినొప్పులు, టెస్టులు 10 వేలు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాల చదివింపులు 20 వేలు. మొత్తం లక్షా 45 వేలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 12 వేల పైచిలుకు. ఇది మీ ఇంటి అద్దె కంటే పెద్ద ఖర్చు, అయినా నెల లెక్కలో దానికి ఒక గీత కూడా లేదు.

ఇంకా ఉంది. నోటు వడ్డీ నెలకు 3,000, కట్టడం లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. నగల వడ్డీ మీరు చెప్పిన 9 శాతం ప్రకారం నెలకు 900, అది ఏడాదికోసారి కట్టేది కాబట్టి అదీ లెక్కలోకి రాలేదు. 12,083కి ఈ రెండూ కలిపితే దాదాపు 16 వేలు. మీ దగ్గర మిగిలేది 6,550. అంటే ప్రతి నెలా 9,400 రూపాయల లోటు, ఏడాదికి లక్షా 13 వేలు. మీ కార్డు, నగల అప్పు, కట్టని నోటు వడ్డీ ఈ లోటులోంచి పుట్టినవే. డబ్బు ఎక్కడికీ "పోవడం" లేదమ్మా, రావాల్సినంత రావడం లేదు. అది నెలవారీ కళ్లకి కనపడటం లేదు.

ఈ అలవాటు మన వైపు ఎందుకు ఇంత గట్టిగా ఉందో నాకు ఒక అనుమానం ఉంది. మన పెద్దవాళ్లది పంట లెక్క. కోవూరు, ఇందుకూరుపేట వైపు వడ్లు పుట్ల లెక్కన అమ్మాక అంగడి బాకీ తీర్చేవాళ్లు. కొండపి, టంగుటూరు వైపు పొగాకు బేళ్లు వేలంలో అమ్ముడుపోయాక బ్యారన్ (పొగాకు ఆకు ఎండబెట్టే కొట్టం) ఖర్చులకి తెచ్చిన అప్పు తీర్చేవాళ్లు. రొయ్యల గుంటలవాళ్లు ఇప్పటికీ అంతే, మేత బాకీ పట్టుబడి రోజున తేలుతుంది. "పంట మీద చూసుకుందాం" అనే మాట వాళ్లకి నిజం, ఎందుకంటే నిజంగానే ఒక పంట వస్తుంది. మీ వారికి వచ్చేది నెల జీతం. దానికి పంట రోజు లేదు. అయినా జూన్ ఫీజు వచ్చినప్పుడు మనం ఏదో పంట వచ్చి తీర్చేస్తుందన్నట్టే నోటు రాస్తాం.

ఇక వడ్డీల సంగతి. మనం "రెండు రూపాయలు" అంటాం, బ్యాంకువాడు "9 శాతం" అంటాడు, కార్డువాడు "నెలకు మూడున్నర" అంటాడు. వినడానికి తొమ్మిది పెద్దదిగా, రెండు చిన్నదిగా ఉంటుంది. అన్నిటినీ ఏడాది శాతంలోకి మార్చి పక్కపక్కన రాసుకోండి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, బారువడ్డీ అయినా యాభై నెలల్లో అసలుకి అసలు వడ్డీ అవుతుంది. కార్డు నెలకు మూడున్నర శాతమైతే ఏడాదికి 42, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. నగల అప్పు 9. తీర్చాల్సిన వరస ఇక్కడే తేలిపోతుంది. కార్డు, నోటు, ఆ తర్వాతే నగలు. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. నగలు బ్యాంకులో ఉన్నాయంటే అత్తగారింట్లో మాట వస్తుందని ముందు వాటిని విడిపిస్తారు, 42 శాతం కార్డు ఎవరికీ కనపడదు కాబట్టి అది ఉండిపోతుంది.

కార్డు మినిమం ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చూడండి. 64 వేలకి నెల వడ్డీ 2,240. జీఎస్టీ 403. మొత్తం 2,643. మీరు కట్టేది 3,200. అసలులో తగ్గేది 557 రూపాయలు. ఆ నెలలో పాపకి ఒక జత చెప్పులు కార్డు మీద కొంటే అదీ లేదు. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ఇప్పుడు చీటీ. మీ ప్రశ్నల్లో అన్నిటికంటే మంచిది ఇదే. ఆఖరు దాకా ఉంచితే లాభమని మీ పక్కింటావిడ చెప్పారన్నారు. అప్పు లేని ఇంటికి అది నిజం. మీకు కాదు.

మీ చీటీలో పాట ఇప్పుడు 40 వేలకు పోతోందని రాశారు. అంటే ఈ నెల పాడుకుంటే చేతికి లక్షా 60 వేలు. ఆఖరు దాకా ఆగితే కమీషను 10 వేలు పోగా లక్షా 90 వేలు, కానీ ఇరవై నాలుగు నెలల తర్వాత. నెలనెలా కట్టే డబ్బు ఎలాగూ ఒకటే, పాడినా పాడకపోయినా. డివిడెండ్ (పాటలో తగ్గిన డబ్బులోంచి సభ్యులకి పంచే వాటా) పాడినవాళ్లకీ ఇస్తారో లేదో మాత్రం కంపెనీలో అడిగి రూఢి చేసుకోండి, మామూలుగా ఇస్తారు. కాబట్టి ఇప్పుడు పాడటానికి మీరిచ్చే వెల 30 వేలు, లక్షా 60 వేల మీద రెండేళ్లకి. లెక్క కడితే ఏడాదికి తొమ్మిదిన్నర శాతం లోపే. మన భాషలో నూటికి ఎనభై పైసలు కూడా కాదు. ఎనభై పైసల డబ్బు తెచ్చి మూడున్నర రూపాయల కార్డు, రెండు రూపాయల నోటు తీర్చడానికి ఆలోచించేదేముంది? ఈ నెలే పాడండి. పోటీలో పాట ఇంకో ఐదు వేలు పెరిగినా ఫరవాలేదు. 60 వేలకు పోయేట్టు ఉంటే మాత్రం ఆగండి. అక్కడ వెల 50 వేలు, చేతికొచ్చేది లక్షా 40 వేలు, అంటే దాదాపు 18 శాతం అవుతుంది. అప్పుడు లాభం నోటు మీద పెద్దగా ఉండదు, కార్డు మీద మాత్రమే ఉంటుంది.

కంపెనీ రిజిస్టరైనదేనన్నారు, మంచిది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ప్రతి చీటీ గ్రూపునూ రిజిస్టరు చేయాలి. 2019 సవరణ తర్వాత ఫోర్‌మన్ (చీటీ నడిపేవాళ్లు) కమీషను 7 శాతం దాకా తీసుకోవచ్చు, మీది 5 కాబట్టి సరే. పాడుకున్నాక జామీను అడుగుతారు, ఎక్కువగా ప్రభుత్వ ఉద్యోగుల సంతకాలు. ఇద్దరు ముగ్గురిని ముందే మాట్లాడి పెట్టుకోండి. పాట అయ్యాక జామీను దొరక్క నెలల తరబడి డబ్బు ఆగిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి, ఆ ఆలస్యానికి మీకెవరూ వడ్డీ ఇవ్వరు. రిజిస్టరు కాని వీధి చీటీ అయితే నా సలహా వేరుగా ఉండేది. నడిపే ఆవిడ ఎంత నమ్మకస్తురాలైనా, పాట ఎంతకు పోయినా, కట్టినంత చేతికొస్తే చాలని త్వరగా పాడుకుని బయటపడమనేవాణ్ణి.

ఆ లక్షా 60 వేలు ఇంటికి రాకూడదు. చెక్కు పడిన రోజే 64 వేలు కార్డుకి. తర్వాత కార్డు రద్దు చేయండి, మనసొప్పకపోతే లిమిట్ పది వేలకి తగ్గించమనండి. మిగిలిన 96 వేలు నోటుకి. అక్కడ చేయాల్సిన పని ఇంకాస్త ఉంది.

నోటు తిరగరాయడమంటే చాలామంది తేదీ మార్చడమే అనుకుంటారు. జరిగేది అది కాదు. లక్షన్నర అసలుకి 42 వేల వడ్డీ కలిపి లక్షా 92 వేలకి కొత్త నోటు రాస్తారు. అప్పటి నుంచి నెల వడ్డీ 3,000 కాదు, 3,840. బారువడ్డీ అప్పు మూడేళ్లకోసారి ఇలా చక్రవడ్డీ అవుతుంది. మూడేళ్ల గడువు చట్టంలో ఉన్నది ఇచ్చినవాడు కోర్టుకి వెళ్లడానికి, ఆయన భయం ఆయనది, అందుకే తిరగరాయమంటున్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు. గడువు దాటించి ఎగ్గొడదామనే ఆలోచన మీ వారికి ఎవరైనా చెప్పి ఉంటే వదిలేయమనండి. అవసరానికి ఆదుకున్న మనిషి, పైగా అదే ఊళ్లో తిరగాలి.

మీరు చేయాల్సింది ముందు 42 వేల వడ్డీ కట్టేయడం, 54 వేలు అసలులో జమ చేయడం. ఒకేసారి 96 వేలు ఇస్తామంటే వడ్డీలో ఐదో పదో వేలు వదులుకోవడం మన దగ్గర మామూలే, మొహమాటపడకుండా అడగండి. పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకు వెళ్తే ఇంకా మంచిది. డబ్బు బ్యాంకు ద్వారా పంపండి, నోటు వెనక చెల్లు రాయించండి, ఆ చెల్లు ఫోటో తీసుకోండి. చెల్లు మీద మీ వారి సంతకం ఉంటే గడువు కూడా అక్కణ్ణుంచి మళ్లీ లెక్కకొస్తుంది, కాబట్టి ఆయనకి కొత్త నోటు అవసరం కూడా ఉండదు. అయినా కొత్తదే కావాలంటే మిగిలిన 96 వేలకే రాయండి, పాత నోటు చేతికి తీసుకున్నాకే. పాతది "ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత ఇస్తా" అంటే సంతకం పెట్టకండి. ఖాళీ నోటు మీద సంతకం మాత్రం తోడబుట్టినవాడు అడిగినా పెట్టొద్దు.

ఆ మిగిలిన 96 వేలని కూడా 24 శాతం దగ్గర ఉంచాల్సిన పని లేదు. మీ నగలు పెట్టినప్పటి కంటే బంగారం ధర బాగా పెరిగింది, అదే తూకం మీద బ్యాంకు ఇప్పుడు ఎక్కువ ఇస్తుంది. ఉన్న అప్పు తిరగరాయించి అదనంగా 96 వేలు తీసుకుని నోటు మొత్తం తీర్చేయండి. నెలకు 1,920 వడ్డీ 720కి దిగుతుంది. ఇందులో ప్రమాదం లేకపోలేదు, నోటు కట్టకపోతే మాట వస్తుంది, నగల అప్పు కట్టకపోతే వేలం నోటీసు వస్తుంది. అందుకే నగల వడ్డీ ఏడాది ఆఖరున కాకుండా ప్రతి నెలా 1,620 కట్టేయండి, బ్యాంకులో తీసుకుంటారు. ఇంకో మార్గం, వాడని పాత నగ ఒకటి అమ్మేయడం. తాళిబొట్టు, పుట్టింటివాళ్లు పెట్టిన గాజుల జోలికి పోవద్దు. కానీ బీరువాలో మోడలు పాతబడి పడున్న నెక్లెస్ ఉంటే, కొన్నప్పుడు ఇచ్చిన తరుగు, మజూరీ తిరిగి రావని తెలిసే అమ్మండి. 24 శాతం అప్పు మోస్తూ లాకర్లో బంగారం ఉంచుకోవడం నాకెప్పుడూ అర్థం కాని విషయం. ఇది నా అభిప్రాయం, ఇంట్లో ఒప్పుకుంటేనే చేయండి.

ఇదంతా చేస్తే ఎక్కడ తేలుతారో చూద్దాం. 42 వేలలో ఇంటి ఖర్చు 28, చీటీ 4,250, నగల వడ్డీ 1,620. మిగిలేది 8,130. ఏడాది ఖర్చులకి కావాల్సింది నెలకు 12 వేలు. లోటు 9,400 నుంచి 4 వేల దగ్గరికి దిగింది, ఒక్క ఖర్చు కూడా తగ్గించకుండా. చీటీ చివరికొచ్చే కొద్దీ డివిడెండ్ తగ్గి కంతు 5 వేల వైపు పెరుగుతుంది, అది కూడా మనసులో ఉంచుకోండి. ఈ 4 వేల కోసం మాత్రం ఖర్చులు, ఆదాయం రెండూ కదపాలి.

మీ జాబితాలో బయటి తిండి అనే మాటే లేదు. నెల్లూరులో ఉంటూ, ఇద్దరు పిల్లలతో, నెలలో ఒక్క బిర్యానీ, ఒక్క దోసె కూడా బయట తినలేదంటే నేను నమ్మను. ఫోన్ పే హిస్టరీ తెరిచి మూడు నెలలవి కూడండి. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. నా లెక్క ప్రకారం మీ 28 వేలు నిజానికి 30 వేలు. దాన్ని సున్నా చేయమనను, పిల్లలున్న ఇల్లు. వెయ్యి అని ఒక అంకె పెట్టి ఆ వెయ్యి నోట్లుగా తీసి వేరే పర్సులో పెట్టండి. బియ్యం, పప్పులు, నూనె నెలకోసారి స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్‌గా తెచ్చుకుంటే వీధి అంగట్లో ఖాతా పెట్టి తెచ్చే దానికంటే తక్కువ పడుతుంది. ఖాతా పుస్తకం మానేయడంలో అసలు లాభం ధరలో కూడా కాదు. పుస్తకంలో రాయించుకున్నప్పుడు చెయ్యి ధారాళంగా ఆడుతుంది.

చదివింపుల మాట సున్నితం. మనకి వాళ్లు పెట్టారు, మనం పెట్టాలి. అది బాకీ లాంటిదే, కాదనను. కానీ మీకు పడినవి రాసిన పుస్తకం ఉంటుంది కదా, అది చూసి అంతే చదివించండి. పడినదానికి రెట్టింపు చదివించే పోటీలోకి దిగొద్దు. నోటు రాసి మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి గొలుసు పెట్టిన కుటుంబాలు నాకు తెలుసు, గొలుసు ఎవరికీ గుర్తు లేదు.

ఫీజుల గురించి స్కూల్లో అడగండి. ఏడాది మొత్తం ఒకేసారి కడితే తగ్గించే స్కూళ్లు ఉన్నాయి, అక్కాతమ్ముళ్లు, అన్నాచెల్లెళ్లు ఒకే చోట ఉంటే ఇచ్చే రాయితీ కూడా. అడగనివాళ్లకి ఎవరూ ఇవ్వరు. ఇక మీ కుట్టు పని. జూన్ యూనిఫాంలు, శ్రావణమాసం జాకెట్లు, పెళ్లిళ్ల సీజను, ఈ నెలల్లో మీకు 8 కాదు 12, 13 వేలు వచ్చి ఉంటాయి, ఆషాఢంలో 4 వేలే వచ్చి ఉంటాయి. ఎక్కువొచ్చిన నెలలో ఆ ఎక్కువ భాగం ఇంట్లో కలిసిపోకుండా నేరుగా ఏడాది ఖర్చుల ఖాతాలో పడాలి. మీ ఇంట్లో పంట లాంటిది ఏదైనా ఉందంటే అదే.

ఆ ఖాతా ఎలాగంటే, జీతం పడే బ్యాంకు కాకుండా వేరే బ్యాంకులోనో పోస్టాఫీసులోనో మీ పేరు మీద ఒకటి. దానికి ఏటీఎం కార్డు, ఫోన్ పే పెట్టొద్దు. జీతం పడిన మర్నాడు 8 వేలు అందులోకి వెళ్లిపోవాలి, మీ కుట్టు డబ్బులోంచి వీలైనంత. దాంట్లో నాలుగైదు వేలు వచ్చే మే నెలకి చేతికొచ్చేలా బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌గా వేయండి, అది ఫీజులది. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది కాబట్టి ఫీజులకి పనికిరాదు. మొదటి ఏడాది ఈ ఖాతా నిండదు. జూన్‌లో ఇంకా 20, 30 వేలు తక్కువ పడతాయి. అప్పుడు కూడా నోటు దగ్గరికి పోకుండా, మీ కాలనీలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘం ఉంటే ఇప్పుడే చేరి ఉండండి. బ్యాంకు లింకేజీ అప్పు (సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చేది) వడ్డీ నోటు వడ్డీలో సగం కూడా ఉండదు.

పొదుపు సంఘమంటే కొందరికి చిన్నచూపు ఉంది, జీతగాళ్ల ఆడవాళ్లు అక్కడికేమిటని. అసలు ఇది మన జిల్లాలో పుట్టిన సంగతి. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా కొట్టు మూయించారు, ఆ పోరాటం జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ వెంటే నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి పేరుతో రోజుకో రూపాయి దాచే సంఘాలు వచ్చాయి. కూలికి పోయే ఇళ్లలో ఆ రూపాయి నిలిచింది రెండు కారణాలతో. ఒకటి, డబ్బు పోయే పెద్ద దారి ముందు మూసుకుంది. రెండు, దాచింది ఇంట్లో పోపుల డబ్బాలో లేదు, పదిమంది ఎదుట పుస్తకంలో ఉంది, మొగుడు అడిగినా తీయడానికి లేదు. మీకు సారా బదులు కార్డు, నోటు. పద్ధతి మాత్రం అదే.

లోన్ యాప్ గురించి మీ వారు ఆలోచిస్తున్నారని రాశారు. వద్దు. ఇప్పటికే ఏదైనా దించుకుని ఉంటే, ఫోన్లో కాంటాక్టులు, ఫోటోలకి ఇచ్చిన పర్మిషన్లు తీసేసి యాప్ తొలగించండి. బెదిరింపులు వస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. డైలీ ఫైనాన్సూ అలాంటిదే. చేతికి 9 వేలిచ్చి రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు, వినడానికి వెయ్యి రూపాయలే వడ్డీ. కానీ అసలు రోజురోజుకీ తగ్గుతూ ఉంటుంది కాబట్టి సగటున మీ దగ్గర ఉండేది నాలుగున్నర వేలే, దాని మీద వంద రోజులకి వెయ్యి. ఏడాదికి 80 శాతం.

సిప్ మంచిదే, మీ తమ్ముడు చెప్పిందాంట్లో తప్పు లేదు. తొందరే ఎక్కువ. షేర్ మార్కెట్టు మంచి ఏడాదిలో 12, 15 శాతం ఇవ్వొచ్చు, ఇవ్వకపోనూ వచ్చు. 24 శాతం నోటు తీర్చితే 24 శాతం ఖాయంగా మిగులుతుంది. రెండేళ్లకి చీటీ అయిపోయాక నెలకు 5 వేలు ఖాళీ అవుతాయి, ముందు నగలు విడిపించి, అప్పుడు మొదలుపెట్టండి. ప్లాటు సంగతి ఇంకా ముందుకి జరపండి. అంకణాల (మన వైపు స్థలం కొలత) లెక్కన కంతుల మీద ఇచ్చే వెంచర్లలో నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదనేది ఒక మాట. మీకైతే అవన్నీ ఉన్నా ఇప్పుడు కంతు కట్టే 7, 8 వేలు లేవు. కట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపితే కట్టినదాంట్లో ఎంత తిరిగొస్తుందో అగ్రిమెంటులో చదివితే మీ వారే వద్దంటారు.

ఎల్ఐసీ పాలసీ కోపంలో రద్దు చేయొద్దు, ఇప్పుడు సరెండర్ చేస్తే వచ్చేది తక్కువ. బ్రాంచిలో పెయిడప్ చేస్తే (ఇకపై ప్రీమియం కట్టకుండా, ఇప్పటిదాకా కట్టినదాంతో పాలసీ ఉంచితే) ఎంత ఉంటుందో, ప్రీమియం కడుతూ పోతే ఎంతో, రెండూ రాయించుకుని పోల్చండి. మీ వారి జీతం మీద ఇల్లు నడుస్తోంది కాబట్టి బ్యాంకులోనే ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు, ఈ రెండూ వెంటనే పెట్టించండి. మొదటిదాంట్లో ఏ కారణంతో మరణించినా 2 లక్షలు, యాభై ఏళ్ల లోపు చేరాలి. రెండోది ప్రమాదానికి 2 లక్షలు. ముత్తుకూరు రోడ్డులో రోజూ లారీల మధ్య బండి మీద వెళ్లొచ్చే మనిషికి 456 రూపాయలు ఎక్కువ కాదు. మే నెలాఖరులో ఆ ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోండి, లేకపోతే పాలసీ ఆగిపోతుంది.

చివరగా మీరు అడగని విషయం ఒకటి. పాప నాలుగో తరగతి అన్నారు, అంటే తొమ్మిదేళ్లు ఉంటాయి. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లు నిండక ముందే తెరవాలి, దాటితే ఇక ఎప్పటికీ కుదరదు. ఇప్పుడు నెలనెలా వేసే స్తోమత మీకు లేదు, ఫరవాలేదు. 250 రూపాయలతో తెరిచి, ఏడాదికి 250 వేస్తే ఖాతా బతికి ఉంటుంది. అప్పులు తీరాక ఏడాదికి లక్షన్నర దాకా ఎంతైనా వేయొచ్చు. వడ్డీ ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది, 2024 జనవరి నుంచి 8.2 శాతం ఇస్తున్నారు. పాప జనన ధ్రువపత్రం, మీ ఆధార్, పాన్, ఫోటోలు తీసుకుని ఈ వారంలోనే హెడ్ పోస్టాఫీసుకి వెళ్లి రండి.